కంప్యూటర్ లేవనంటే కంగారెందుకు?

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మహిళల కార్యక్రమంలో ఈసారి కంప్యూటర్ గురించి మాట్లాడతానంటే మా ఇంట్లోనే నవ్వారు. "హాయిగా పచ్చళ్ల గురించి చెప్పరాదూ, అందరూ వింటారు" అన్నారు మావారు. పచ్చళ్ల గురించి చాలాసార్లే చెప్పాను. ఈసారి మాత్రం గత చలికాలం మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీ చెవిన వేయాలని ఉంది. అందులో నా పొరపాటు కూడా ఉంది. దానివల్ల నేను పోగొట్టుకున్నది మీలో ఎవరూ పోగొట్టుకోకూడదనే ఈ ప్రసంగం.

ముందే చెబుతున్నాను, నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. కంప్యూటర్ శాస్త్రం నాకు తెలియదు. కానీ ప్రెషర్ కుక్కర్ తెలుసు. కుక్కర్ విజిల్ వేయకపోతే మనం ఏం చేస్తాం? కొత్త కుక్కర్ కొనమని కూర్చోం. మూత సరిగా పట్టిందా, గాస్కెట్ వదులైందా, వెయిట్ కింద మెతుకు అడ్డుపడిందా, అసలు నీళ్లు పోశామా అని ఒక్కొక్కటే చూస్తాం. అన్నీ ఒకేసారి మార్చం. కంప్యూటర్ లేవకపోయినా సరిగ్గా అదే పద్ధతి. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

మాది పటాన్‌చెరు. సంగారెడ్డి నుంచి హైదరాబాద్ దాకా జాతీయ రహదారి మీద వచ్చేవారికి మా ప్రాంతం తెలిసే ఉంటుంది. ఒకవైపు పాశమైలారం, ఇంకోవైపు బొల్లారం, మధ్యలో మేము. ఎటు చూసినా ఫ్యాక్టరీలు, పగలూ రాత్రీ లారీలు. పొద్దున తుడిచిన బల్లమీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు, అంత దుమ్ము. మావారిది షిఫ్టు ఉద్యోగం. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా, 2014లో, తన చదువు కోసం ఒక కంప్యూటర్ కొన్నాం. బల్ల కింద పెద్ద డబ్బా, బల్లమీద తెర ఉంటాయే, ఆ రకం. పిల్ల పెద్దదై ఉద్యోగానికి పూణే వెళ్లిపోయింది. కంప్యూటర్ నాకు మిగిలింది. నా రేడియో ప్రసంగాలు అందులోనే రాసుకుంటాను. కరెంటు బిల్లులు, చిట్టీ లెక్కలు, పెళ్లిళ్ల ఫోటోలు అన్నీ అందులోనే.

ఇంకొకటి కూడా అందులోనే ఉండేది. 2019 వేసవిలో మా అమ్మ మా ఇంట్లో నెల రోజులు ఉంది. మధ్యాహ్నం పూట భోజనాలయ్యాక అమ్మచేత పాటలు పాడించుకుని, పాత సంగతులు చెప్పించుకుని ఫోనులో రికార్డు చేశాను. తొమ్మిది మధ్యాహ్నాలు, తొమ్మిది రికార్డులు. బతుకమ్మ పాటలు, జోలపాటలు, సకినాల పిండి ఎంత పదునుండాలో, తన చిన్ననాటి కరువు, అన్నీ చెప్పింది. ఫోను నిండిపోతే వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి ఫోనులోంచి తుడిపేశాను. 2021లో అమ్మ పోయింది. ఆ గొంతు ఇక ఆ డబ్బాలోనే ఉంది. మరెక్కడా లేదు. అప్పుడు ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఇక అసలు కథ. గత నవంబరు చివర ఒకరోజు పొద్దున మీట నొక్కితే లోపల ఫ్యాను గిర్రున తిరిగి, రెండు క్షణాల్లో ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. మూడోసారికి లేచింది. "అమ్మయ్య" అనుకుని నా పని చూసుకున్నాను. మర్నాడు నాలుగోసారికి లేచింది. వారం తిరిగేసరికి ఏడెనిమిది సార్లు నొక్కాల్సి వచ్చేది. దసరాకు ఆయుధపూజలో దానికి బొట్టు పెట్టడం మరిచామని మావారు వేళాకోళం చేశారు. నేనూ నవ్వాను. మొరాయించే స్కూటరును తన్ని తన్ని స్టార్ట్ చేసినట్టు రోజూ నొక్కి నొక్కి లేపేదాన్ని. ఎలాగో లేస్తోంది కదా అని ధీమా.

డిసెంబరు మధ్యలో ఒకనాడు ఎన్నిసార్లు నొక్కినా లేవలేదు. దగ్గర్లోని ఒక దుకాణం నుంచి కుర్రవాణ్ణి పిలిచాం. అతను మూత విప్పాడు, రెండుసార్లు మీట నొక్కాడు, "అమ్మా, మదర్‌బోర్డు పోయింది. గింత పాతదానికి సామాను దొరకదు. కొత్తది తీసుకోండి. లేదంటే ఒకసారి ఫార్మాట్ కొట్టి చూస్తా" అన్నాడు. ఫార్మాట్ అంటే ఏమిటని అడిగాను. "లోపలున్నదంతా తీసేసి కొత్తగా ఎక్కించడమమ్మా" అన్నాడు.

లోపలున్నదంతా అనగానే నా గుండె గుభేలుమంది. అమ్మ గొంతు గుర్తుకొచ్చింది. "బాబూ, ప్రస్తుతానికి ఏమీ చేయకు, మూత పెట్టెయ్" అని పంపించేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పూణేలో ఉన్న అమ్మాయికి ఫోను చేస్తే అది ఒక్క మాట అంది. "అమ్మా, పాలవాడి లెక్క రాస్తావు కదా, అలాగే దీని లెక్క కూడా రాయి. ఎప్పుడు నొక్కావు, ఏమైంది, అంతే."

సరేనని పాల లెక్క పుస్తకంలోనే వెనకనుంచి మొదలుపెట్టాను. తారీకు, వేళ, ఎన్నిసార్లు నొక్కాను, ఏం కనిపించింది, ఏం వినిపించింది. ఆ రోజుల్లో అదృష్టవశాత్తూ అప్పుడప్పుడూ లేస్తూనే ఉంది. అయిదు రోజులయ్యేసరికి నాకే ఆశ్చర్యం వేసింది. పొద్దున ఆరు గంటలకు చలిలో నొక్కితే మొరాయిస్తోంది. మధ్యాహ్నం రెండు గంటలకు నొక్కితే ఒకటి రెండు సార్లకే లేస్తోంది. పైగా లేచిన ప్రతిసారీ గడియారంలో తారీకు ఎన్నో ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటోంది. ఈ రెండూ రోజూ నా కళ్ల ముందు జరుగుతున్నవే. రాసుకునేదాకా కనబడలేదు.

ఇక్కడ కొంచెం ఆగి, మీట నొక్కగానే లోపల ఏం జరుగుతుందో నాకు అర్థమైనంతవరకు చెబుతాను. ఇది తెలిస్తే సగం భయం పోతుంది.

గోడలోంచి వచ్చేది 230 వోల్టుల కరెంటు. కంప్యూటర్ లోపలి భాగాలకు కావలసింది 12, 5, 3.3 వోల్టులు. పెద్ద కరెంటును చిన్న కరెంటుగా మార్చే ఇనుప డబ్బా ఒకటి వెనకవైపు ఉంటుంది. దాన్నే ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. మనింటి వంటమనిషి అనుకోండి, ఎవరికి ఎంత వడ్డించాలో అంతే వడ్డిస్తుంది. కరెంటు సరిగా అందాక కంప్యూటర్ తనను తాను పరీక్షించుకుంటుంది. మెదడు ఉందా, జ్ఞాపకం ఉందా, తెర ఉందా అని. ఆ తర్వాత డిస్కులో ఉన్న విండోస్‌నో, మరొకదాన్నో పిలిచి ఇల్లు అప్పగిస్తుంది. ఈ లేవడాన్నే బూట్ కావడం అంటారు. తన బూటు పట్టీలు తానే పట్టుకుని తనను తాను పైకి లేపుకున్నట్టు అనే ఇంగ్లీషు నానుడి నుంచి ఆ మాట వచ్చింది.

పూర్వం ఇంత సుఖం లేదు. మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ సంస్థ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తెచ్చింది. ఆ కాలపు కంప్యూటర్లలో చాలావాటిని లేపాలంటే మనిషి ఎదురుగా నిలబడి వరుసగా మీటలు వేసి, మొదటి మాటలు చేత్తో నేర్పించాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ పనంతా ఒక్క మీటతో జరిగిపోతోంది. అయినా లోపలి మెట్లు మెట్లుగానే ఉన్నాయి. ఏ మెట్టు దగ్గర ఆగిందో కనిపెట్టడమే మన పని.

కాబట్టి "లేవడంలేదు" అని ఊరికే అనకండి. జ్వరం అంటే డాక్టరుగారు ఎన్ని రోజుల నుంచి, చలితోనా, దగ్గు ఉందా అని అడగరూ? అలాగే ఇందులో నాలుగు రకాలున్నాయి.

మొదటి రకం. మీట నొక్కితే దీపం లేదు, చప్పుడు లేదు, ఏమీ లేదు. అప్పుడు ముందు గోడ దగ్గర చూడండి. ఆ ప్లగ్గులో ఇస్త్రీపెట్టె పెట్టి చూస్తే కరెంటు ఉందో లేదో తెలిసిపోతుంది. డబ్బా వెనకవైపు ఎస్.ఎం.పి.ఎస్.కు చిన్న మీట ఉంటుంది, ఇల్లు దులిపేటప్పుడు చెయ్యి తగిలి అది ఆగిపోవడం మామూలే. వైరు రెండు చివరలా గట్టిగా ఉందా చూడండి. యూపీఎస్ ఉంటే దాన్ని తప్పించి నేరుగా గోడకు పెట్టి చూడండి. యూపీఎస్ బ్యాటరీలు సాధారణంగా మూడు నాలుగేళ్లకు నీరసిస్తాయి. చాలాసార్లు నింద కంప్యూటర్ మీద, తప్పు యూపీఎస్ మీద.

రెండో రకం మాది. ఫ్యాను తిరిగి వెంటనే ఆగిపోవడం. ఇది ఎక్కువగా కరెంటు సరిగా అందకపోవడం వల్లగానీ, మెదడు వేడెక్కడం వల్లగానీ, లోపల ఏదో ఒక భాగం షార్ట్ కావడం వల్లగానీ జరుగుతుంది. మెదడు మీద చిన్న ఫ్యాను ఉంటుంది. మా వైపు దుమ్ముకు దాని కింద పరుపులా పేరుకుపోతుంది.

మూడో రకం. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, దీపం వెలుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. ముందు తెరకు వేరే కరెంటు వైరు ఉందని గుర్తు పెట్టుకోండి, దాని మీట కూడా చూడండి. తర్వాత జ్ఞాపకం పట్టీ, అదే ర్యామ్, వదులై ఉండవచ్చు. వెండి కుంకుమభరిణ కొన్నాళ్లకు నల్లబడుతుందే, గాలిలో గంధకపు వాయువులుంటే మరీ తొందరగా నల్లబడుతుందే, లోపలి వెండి, రాగి కొసలకూ అదే గతి. ర్యామ్ అంచుల మీద కూడా తేమ, దుమ్ము కలిసి పొరలా పడుతుంది. పట్టీని తీసి, ఆ అంచులను పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో మెత్తగా తుడిచి, పొట్టు లేకుండా దులిపి, మళ్లీ టక్కుమనేదాకా కూర్చోబెడితే లేచిన కంప్యూటర్లు ఎన్నో. గట్టిగా రుద్దకండి, పైనున్న బంగారు పూత పోతుంది. కొన్ని కంప్యూటర్లు ఈ దశలో కీచుకీచుమని కూస్తాయి. ఎన్నిసార్లు కూసిందో, పొడుగ్గానా పొట్టిగానా రాసుకోండి. ఆ కూతలకు అర్థాలున్నాయి. కంపెనీని బట్టి మారతాయి, బాగుచేసేవాడికి పనికొస్తాయి.

నాలుగో రకం. తెర వెలుగుతుంది, కంపెనీ పేరు కనిపిస్తుంది, అక్కడినుంచి కదలదు. లేదా చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. ఇలా అయితే మొట్టమొదట పెన్‌డ్రైవ్ ఏదైనా గుచ్చి మరిచారేమో చూడండి. పాపం, అది విండోస్‌ను డిస్కులో వెతకడం మాని ఆ పెన్‌డ్రైవ్‌లో వెతుకుతూ కూర్చుంటుంది. అది కాకపోతే డిస్కులోగానీ విండోస్‌లోగానీ లోపం. వరుసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే విండోస్ తనంతట తానే నీలం తెర మీద మరమ్మతు దారులు చూపిస్తుంది. కంగారుపడి అందులో "రీసెట్" నొక్కకండి. ముందు "సేఫ్ మోడ్" అనే దారిలో లేస్తుందేమో చూడండి. ఈ మధ్యవాటిలో కొన్ని 48 అంకెల తాళపు సంఖ్య అడుగుతాయి. ఆ సంఖ్య సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. అది అడిగే రోజు రాకముందే రాసి బీరువాలో పెట్టుకోండి.

ఇంకొక సంగతి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. దాని గురించి తెరమీద హెచ్చరికలు కనిపించవచ్చు. అది భద్రతకు సంబంధించిన విషయం, పట్టించుకోవలసిందే. కానీ ఆ తేదీ దాటినంత మాత్రాన కంప్యూటర్ లేవకుండా పోదు. లేవకపోవడానికి అదే కారణమని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరి మూత మనమే విప్పవచ్చా? విప్పవచ్చు, కొన్ని కట్టుబాట్లతో. ముందు ప్లగ్గు గోడలోంచి పూర్తిగా పీకెయ్యాలి. పీకాక మీటను అరనిమిషం నొక్కి పట్టుకోవాలి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. చలికాలం నైలాన్ చీర మడతపెడుతుంటే చిటపటమంటుంది చూడండి, ఆ కాస్త విద్యుత్తు చాలు లోపలి సున్నితమైన భాగాలను చంపడానికి. అందుకని నూలుచీర కట్టుకుని, ముందు డబ్బా ఇనుమును ఒకసారి తాకి, తర్వాతే లోపల చెయ్యి పెట్టండి. తడిగుడ్డ పనికిరాదు, పొడి రంగుల బ్రష్షు చాలు. ఇక ఆ ఎస్.ఎం.పి.ఎస్. ఇనుప డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్గు పీకేసినా దాని లోపల షాకు కొట్టేంత విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. అది మార్చవలసిన వస్తువేగాని మనం విప్పవలసిన వస్తువు కాదు. ఫోటో తీసుకోకుండా ఏ వైరూ పీకకండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. చేసింది పుస్తకంలో రాయండి. ఉప్పూ కారం పులుపూ ఒకేసారి వేసేస్తే ఏది ఎక్కువైందో ఏ నాలుకకూ తెలియదు కదా.

మళ్లీ మా ఇంటికి వద్దాం. సంక్రాంతి ముందు మా పక్కింటి వదినె తనకు తెలిసిన ఇంకో అబ్బాయిని పంపింది. అతను డబ్బా ముట్టుకోకముందే నేను పాల పుస్తకం చేతికిచ్చాను. నిలబడే రెండు పేజీలు చదివాడు. "అమ్మా, రాత్రిపూట గోడ దగ్గర స్విచ్ ఆపుతారా?" అని అడిగాడు. అవును, కరెంటు ఆదా అని ఆపేస్తానన్నాను. "అందుకే గడియారం వెనక్కి పోతున్నది" అన్నాడు. గడియారాన్ని నడిపే రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి లోపల ఉంటుందట, 3 వోల్టులది. గోడ కరెంటు ఉన్నంతసేపూ దానికి పనిలేదు. స్విచ్ ఆపినప్పుడే గడియారం భారం దాని మీద పడుతుంది. పదకొండేళ్లలో అది ఎప్పుడో ఖాళీ అయిపోయింది. తారీకు తప్పు కాబట్టి కొన్ని వెబ్‌సైట్లు కూడా తెరుచుకునేవి కావు, అది వేరే జబ్బని నేను అనుకున్నాను. చిల్లర ఖర్చుతో అది తీరింది.

కానీ లేవకపోవడానికి కారణం అది కాదు. "పొద్దున చలికి లేవదు, మధ్యాహ్నం లేస్తది అని రాసిన్రు కదా, ఇదే అసలు సంగతి" అన్నాడు. ఎస్.ఎం.పి.ఎస్. లోపల విద్యుత్తును కాసేపు నిలవ చేసే చిన్న చిన్న డబ్బీలుంటాయి, కెపాసిటర్లు. వాటిలో కొన్ని రకాల్లో ఒక ద్రవం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ వేడికి అది ఎండిపోతుంది. నీరసించిన కెపాసిటర్ చలిలో ఇంకా నీరసిస్తుంది, కొంచెం వేడి తగిలితే కాస్త తేరుకుంటుంది. నేను ఏడెనిమిది సార్లు నొక్కితే లేవడానికి కారణం నా పట్టుదల కాదన్నమాట. ప్రతిసారీ అది రవ్వంత వెచ్చబడేది, అంతే. 2000 తర్వాత కొన్నేళ్లపాటు నాసిరకం కెపాసిటర్ల వల్ల ప్రపంచమంతటా లక్షల కంప్యూటర్లు ఇలాగే మొరాయించాయట. మాది వయసు జబ్బు.

అతను తన దగ్గరున్న వేరే ఎస్.ఎం.పి.ఎస్. తగిలించి చూశాడు. ఒక్క నొక్కుకే లేచింది. మర్నాడు పొద్దున ఆరు గంటలకు, అదే చలిలో, మళ్లీ ఒక్క నొక్కుకే లేచింది. పోయిందన్న మదర్‌బోర్డు నిక్షేపంలా ఉంది.

ఆనందంతో మొదట అమ్మ రికార్డులే తెరిచాను. ఏడు చక్కగా వినిపించాయి. ఎనిమిదోది సగం దాకా వచ్చి ఆగిపోయింది. తొమ్మిదోది తెరుచుకోనే లేదు.

ఆ అబ్బాయి డిస్కును పరీక్షించి చెప్పాడు. అసలే పదకొండేళ్ల డిస్కు. ఆరు వారాలపాటు రోజూ లేచీ లేవకముందే కరెంటు తెగి తెగి, పడుతూ లేస్తూ ఉంటే దెబ్బ మీద దెబ్బ తగిలింది. కొన్నిచోట్ల చదవడానికి వీల్లేకుండా పాడైపోయింది. తెలిసినవారిచేత కూడా ప్రయత్నించాం. ఆ తొమ్మిదోదాంట్లో అమ్మ తన పెళ్లినాటి సంగతులు చెప్పింది. ఎడ్లబండి మీద అత్తవారింటికి వచ్చిన దారి, దారిలో వాగు, వాగు దాటేటప్పుడు తాను ఏడ్చిన ఏడుపు. అక్కా నేనూ కూర్చుని గుర్తున్నంతా రాసుకున్నాం. మాటలు మిగిలాయి, అమ్మ గొంతు పోయింది.

నా పొరపాటు ఏమిటో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. కంప్యూటర్ చెడిపోవడం నా చేతిలో లేదు. కానీ ఆ ఆరు వారాల్లో అది దాదాపు ప్రతిరోజూ ఎప్పుడో ఒకప్పుడు లేచింది. లేచిన ఏ ఒక్కరోజైనా ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి ఆ తొమ్మిదింటినీ అందులోకి ఎక్కించడానికి పది నిమిషాలు పట్టేది కాదు. అది రోజూ నాకు హెచ్చరిక చెబుతోంది. నేను దాన్ని మొరాయింపు అనుకున్నాను. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని అమ్మ రోజూ అనే మాటే.

కాబట్టి సోదరీమణులారా, మీ కంప్యూటర్ ఒక్కసారి మొరాయించి తర్వాత లేచిందనుకోండి, ఆరోజు చేయవలసిన మొదటి పని మరమ్మతు కాదు. పోతే మళ్లీ రానివేవో వాటిని బయటికి తీయడం. లోపలినుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే మరీ తొందరపడాలి. అలాంటప్పుడు డిస్కును బాగుచేసే ప్రోగ్రాములు నడిపి దాన్ని ఇంకా అలసిపోనివ్వకండి, ముందు నకలు తీయండి. ఒకవేళ అసలు లేవకుండా పోయినా గుండె జారనివ్వకండి. మదర్‌బోర్డు వేరు, డిస్కు వేరు. పొయ్యి చెడితే బియ్యం డబ్బా చెడదు కదా. మా కంప్యూటర్ లాంటివాటిలో డిస్కును విప్పి వేరే కంప్యూటర్‌కు తగిలించి అందులోనివి తీసుకోవచ్చు. ఎవరైనా ఫార్మాట్ అంటే, "ముందు లోపలివి తీసి నాకు చూపించు, తర్వాత మాట్లాడదాం" అనండి. ఆ మాట అనడానికి డిగ్రీలు అక్కర్లేదు.

నకలు ఎన్ని ఉండాలి అంటారా? మా ఊరినే చూడండి. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ ఉంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలైన పంటల విత్తనాలను చల్లని గదుల్లో భద్రంగా దాచి ఉంచుతారు. అంత జాగ్రత్తగా దాచినా వారు అక్కడితో ఊరుకోలేదు. ఎక్కడో ఉత్తరాన నార్వే దేశపు స్వాల్‌బార్డ్ దీవుల్లో, మంచుకొండ లోపల, 2008లో తెరిచిన విత్తన భాండాగారంలో కూడా వాటి నకళ్లు పెట్టారు. ఇక్కడ ఏదైనా జరిగితే అక్కడ ఉంటాయని. అంత దూరం ఎందుకు, మా నానమ్మ విత్తనపు జొన్నలను ఒక కుండలో ఎప్పుడూ పోసేది కాదు. ఒకటి అటక మీద, ఒకటి తన పుట్టింట్లో. ఒకదానికి పురుగు పట్టినా మరొకటి ఉంటుందని.

నేనూ ఇప్పుడు అలాగే చేస్తున్నాను. కంప్యూటర్లో ఒకటి, బీరువాలో విడిగా పెట్టిన చిన్న డిస్కులో ఒకటి, పూణేలో మా అమ్మాయి దగ్గర ఒకటి. ప్రతి నెలా ఒకటో తారీకున, పాల లెక్క చూసే రోజే, కొత్తవి ఎక్కిస్తాను. ఎక్కించి ఊరుకోను, ఒకటి రెండు తెరిచి వినిపిస్తున్నాయో లేదో కూడా చూస్తాను.

కొత్త డిస్కు వేయించాం. కంప్యూటర్ ఇప్పుడు పొద్దున ఆరుకే బుద్ధిగా లేస్తోంది. ఈ ప్రసంగం కూడా దాని మీదే రాశాను. రాయడం కాగానే మూడుచోట్ల దాచాను. మీ ఇంట్లో కూడా ఎక్కడో ఒకే ఒక్క చోట ఉండిపోయిన గొంతో, ముఖమో, చేతిరాతో ఉంటుంది. ఈ కార్యక్రమం అయ్యాక పొయ్యి మీద అన్నం ఉడికేలోపు ఒకసారి అదెక్కడుందో చూసుకోండి. రేపు చూద్దామనుకోకండి.